చోడి అంబలి పులుపు

మన్యంలో పోడుకు వెళ్ళే మనిషి భుజాన ఎండిన ఆనపకాయ బుర్ర వేలాడుతూ ఉంటుంది. అందులో చోడి అంబలి. పగలంతా ఎండలో ఉన్నా పాడవదు, సాయంత్రానికి ఇంకాస్త పులుస్తుంది, అంతే. చిన్నప్పుడు హాస్టల్లో అంబలి పేరెత్తితే తోటి పిల్లలు నవ్వేవారు. మా ఇంట్లో తాగరని నేనూ అబద్ధమాడాను. ఆ సిగ్గే నన్ను ఈ పులుపు చరిత్ర దగ్గరకు తీసుకొచ్చింది.

మా అమ్మ రాత్రి చోడిపిండిని నీళ్ళలో కలిపి కుండలో ఉంచేది. ఆ కుండను తోమి కడగదు. అడుగున మిగిలిన పులుపే కొత్త పిండికి తోడు. తెల్లారి ఆ పులిసిన పిండిని నూకలు ఉడికే ఎసట్లో పోసి కాచేది.

పులుపు పుట్టించేది సూక్ష్మజీవులేనని 1857లో లూయీ పాశ్చర్ చూపించాడు. అవి పిండిలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లంలో చాలా హానికర సూక్ష్మజీవులు పెరగలేవు. అయితే కథ ఆమ్లంతో ఆగలేదు. మన్యం పితూరీని అణిచిన నాలుగేళ్ళకు, 1928లో, అమెరికాలో రోజర్స్, విట్టియర్ అనే ఇద్దరు పాలను పులియబెట్టే కొన్ని సూక్ష్మజీవులు వేరేవాటి పెరుగుదలను ఆపుతున్నాయని గమనించారు. 1947లో ఇంగ్లాండులో మాటిక్, హిర్ష్ ఆ పదార్థానికి 'నిసిన్' అని పేరు పెట్టారు. 34 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. శత్రు కణం పొరకు అంటుకుని చిల్లులు పొడుస్తుంది. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు దాన్ని ఆహారంలో వాడవచ్చన్నారు. ఇప్పుడది జున్ను, డబ్బా ఆహారాలు పాడవకుండా కాపాడుతోంది.

నిసిన్ సంగతి మన పెద్దలకు ముందే తెలుసని సభల్లో కొందరంటారు. నేనొప్పుకోను. వాళ్ళకు తెలిసింది వేరు: ఏ కుండ వాసన మంచిది, ఏది పారబోయాలి, ఎన్నాళ్ళు తోడు నిలుస్తుంది. అదీ విద్యే, కాకపోతే రాసిపెట్టినవాళ్ళు లేరు. ఇంకో మాట. నిసిన్ లాంటివి అన్ని క్రిములనూ చంపవు. టైఫాయిడ్ క్రిమికి బయట మరో పొర ఉంటుంది, అది అడ్డుపడుతుంది. పిల్లలకు విరేచనాలైతే అంబలిని నమ్ముకుని కూర్చోకూడదు. ఓఆర్‌ఎస్ పట్టించాలి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

చోడి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండలు. అక్కడి టాంజానియాలో తల్లులు మొలకెత్తిన చోడిపిండి కలిపి 'తొగ్వా' అనే పులిసిన జావ కాస్తారు. రోజూ అది తాగిన పసిపిల్లల కడుపులో విరేచనాలు తెచ్చే క్రిములు తగ్గాయని 1990ల చివర పరిశోధకులు రాశారు. ఈ సంగతి మా అమ్మకు చెప్పాను.

"అయితే వాళ్ళూ కుండ కడగరా?" అంది.