తుంగభద్రలో పూడిపోయిన నీళ్లు



తుంగభద్ర డ్యాం మాట వస్తే గేట్ల గురించి మాట్లాడతాం, ఏ రాష్ట్రానికి ఎన్ని టీఎంసీలు అని వాదించుకుంటాం. అందులో ఐదో వంతు చోటును మట్టి ఆక్రమించిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈసారి దాని గురించి రాస్తున్నాం.

1945 ఫిబ్రవరి 28న హోస్పేట దగ్గర పునాదిరాయి వేశారు. నదికి ఒక గట్టున నిజాం హైదరాబాదు, ఇంకో గట్టున మద్రాసు రాజధాని. బళ్ళారి అప్పుడు మద్రాసు జిల్లా. అంటే తమిళనాట ఉన్న మనకూ, బళ్ళారిలోని మనవాళ్లకూ, అనంతపురం వాళ్లకూ సర్కారు ఒకటే. మద్రాసు తరఫున పని నడిపిన ఇంజనీరు తిరుమలై అయ్యంగారు. 1953లో కాలువలకు నీళ్లు వదిలారు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. గీత గీసి మనుషుల్ని పంచారు గానీ నీళ్లు ఒకే చోట ఉండిపోయాయి.

కట్టిన నాటి లెక్కకు జలాశయం పట్టేది 133 టీఎంసీలు. 2016 సర్వేలో తేలింది 105.788. తేడా 27 టీఎంసీల పైమాటే. అనంతపురం వైపు పోయే ఎగువ కాలువలో ఆంధ్ర వాటా 32.5 టీఎంసీలు. దాని పక్కన పెట్టి చూడండి, పోయింది ఎంతో తెలుస్తుంది. ఉన్న నీళ్లనే వాటాల దామాషాలో పంచుతారు కాబట్టి ఈ నష్టం అందరిదీ.

నది పరుగు మీద ఉన్నంతసేపు మట్టిని మోస్తుంది. జలాశయంలోకి రాగానే పరుగు తగ్గుతుంది. బరువైన ఇసుక ఎగువనే దిగిపోతుంది, సన్న మట్టి డ్యాం దాకా వచ్చి నిదానంగా పేరుకుంటుంది. పూడిక కోసమే అడుగున చోటు వదిలారు కదా, అంతా అక్కడే చేరుతుంది అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎగువన పడిన ఇసుక మనం వాడుకునే నీళ్ల చోటునే తినేస్తుంది.

తవ్వి తీసేయరాదా అంటారు. రైల్వేలో గూడ్సు లెక్కలు రాసిన అలవాటుతో మేమూ ఒక లెక్క వేశాం. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు మట్టి 1.3 టన్నులు అనుకుంటే దాదాపు 3.7 కోట్ల టన్నులు. ఒక గూడ్సు బండి 3,800 టన్నులు మోస్తుందనుకుందాం. ఒక్క టీఎంసీకే పది వేల బండ్లు దగ్గర దగ్గర కావాలి. రోజుకొక బండి చొప్పున 26 ఏళ్లు. మొత్తం 27 టీఎంసీలకు ఏడు వందల ఏళ్లు! ఆ మట్టిని దింపే చోటు ఎక్కడ? అందుకే కర్ణాటక ఆ మట్టి జోలికి పోకుండా నవలి దగ్గర ఇంకో జలాశయం కడదామంటోంది.

ఊరి చెరువుల కాలంలో ఈ బాధ ఇంత ముదరలేదు. వేసవిలో చెరువు ఎండితే ఊరు దిగి ఒండ్రు తీసి పొలాలకు తోలేది. తమిళంలో దాన్నే వండల్ మణ్ణు అంటాం, ఆ పనిని కుడిమరామత్తు అంటాం. చెరువుకు లోతు, చేనుకు ఎరువు. బరువు ఎక్కువగా మోసింది పేదవాళ్లే, అదీ చెప్పుకోవాలి. 1858లో మద్రాసు సర్కారు ఈ ఆచారాన్ని చట్టంగా చేసింది. చట్టం పుస్తకంలో మిగిలింది, ఆచారం ఊళ్లలో సన్నగిల్లింది.

1934లో పూర్తయిన మేట్టూరు జలాశయంలో 2017లో గానీ పూడిక తీత మొదలు కాలేదు. రైతులు ఉచితంగా తోలుకుపోయారు. మంచి పనే, కానీ పెద్ద డ్యాముకు అది గంపెడు మట్టి కిందే లెక్క. చెరువు మట్టిని ఏటా తీయగలం. డ్యాం మట్టిని పైనే ఆపాలి. కొండ వాలుల్లో అడవి నిలవాలి, వాలు చేలకు గట్లు ఉండాలి, ఎగువ చెరువుల్లో ఒండ్రు తీయాలి.

బళ్ళారి, కొప్పళ, అనంతపురం బంధువులకు ఒక మనవి. నీటి పంపకం మాటలు వచ్చినప్పుడు మీ వాటా ఎంత అని అడగండి, తప్పులేదు. దానితో పాటు ఈ ఏడు ఎంత మట్టి చేరిందని కూడా అడగండి. కుండ చిన్నదవుతుంటే గరిటెల కోసం కొట్లాడి ఏం లాభం?