అమ్మమ్మ పెరట్లో పరాయి పూలు

మొన్న దసరాకి రెండు రోజుల ముందు అమ్మ ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది. నేనప్పుడే ఆన్‌సైట్ వాళ్ళతో కాల్ ముగించి హెడ్‌ఫోన్స్ తీస్తున్నా.

"ఒరేయ్, బంతిపూలు మనవి కావటరా? పరదేశం నుంచి వచ్చినవట, పూజకి పనికిరావట. ఇదిగో, వాట్సాప్‌లో పెట్టారు."

నేను నవ్వేసి ఊరుకుందామనుకున్నా. కానీ ఆవిడ మొహం చూస్తే నవ్వు రాలేదు. "మీ అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ గుమ్మానికి బంతిపూలే కట్టింది. మరి ఆవిడ చేసిన పూజలన్నీ దండగేనా?" అంది.

ప్రశ్న బంతిపూల గురించి కాదని అప్పుడర్థమైంది. పొద్దున్నకల్లా చెప్తానన్నాను. ఆ రాత్రి కూర్చుని, సామర్లకోట దగ్గర మా అమ్మమ్మగారి పెరట్లో ఏ కాలంలో ఏం పూసేవో గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో మొక్క పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. మన భాషలో చెప్పాలంటే, పెరడంతటికీ గిట్ బ్లేమ్ కొట్టి చూశానన్నమాట :)

ముందుగా బంతి సంగతి. వాట్సాప్ ఈ ఒక్క ముక్కా నిజమే చెప్పింది. బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడి నహువాట్ల్ భాషలో దాని పేరుకి అర్థం 'ఇరవై పువ్వు' అని. ఇప్పటికీ నవంబరు మొదట్లో వచ్చే పెద్దల పండగకి, పోయినవాళ్ళ ఆత్మలు ఇంటికి దారి తప్పకుండా రావాలని అక్కడ వాకిట్లో బంతి రేకులు చల్లుతారు. కొలంబస్ అటు వెళ్ళింది 1492లో, వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. అంటే అంతకు ముందు మన దేశంలో బంతిపువ్వు ఉండే అవకాశమే లేదు. శ్రీనాథుడు బంతిపువ్వు చూసుండడు. ఇంగ్లీషు వాళ్ళ తెలివి ఇంకా బాగుంది, రెండు మెక్సికో పూలలో ఒకదానికి ఆఫ్రికన్ మేరీగోల్డ్ అనీ ఇంకోదానికి ఫ్రెంచ్ మేరీగోల్డ్ అనీ పేర్లు పెట్టుకున్నారు. మనవాళ్ళు మాత్రం గుండ్రంగా ఉంది కాబట్టి బంతి అన్నారు. అంతే, తెలుగుదైపోయింది.

సరే, ఇప్పుడు అమ్మమ్మ పెరట్లోకి వెళ్దాం.

వేసవి అంటే మల్లె. మార్చిలో ఆకు దూసి, నీళ్ళు కట్టేవాళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం అయ్యేసరికి గిన్నె నిండేది. మల్లె మన ప్రాంతపు మొక్కే, హిమాలయాల తూర్పు కొసల నుంచి ఇండియా దాకా దాని సొంత ఊరు. కానీ అది ఇంట్లో కూర్చోలేదు. చైనా వెళ్ళి టీలో కలిసింది. ఫిలిప్పీన్స్ వెళ్ళి సంపగీత అనే పేరు పెట్టించుకుని, 1934లో ఆ దేశపు జాతీయ పుష్పం అయింది. ఇండోనేషియాలోనూ జాతీయ పుష్పమే. మనవాళ్ళు బయటికెళ్ళి సిటిజన్‌షిప్ తెచ్చుకోవడం హెచ్‌వన్‌బీతో మొదలవ్వలేదు!

వానలు పడగానే చంద్రకాంతలు. బావి గట్టు పక్కన ఎవరూ నాటకుండానే మొలిచేవి. సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకునేవి. గోడ గడియారం చూడకుండా "చంద్రకాంతలు విచ్చాయి, ఆవుని తోలుకురండి" అనేది అమ్మమ్మ. పేరు వింటే కాళిదాసు కాలం నాటిదనిపిస్తుంది కదా? అదీ అమెరికా ఖండం మొక్కే, ఇంగ్లీషులో మార్వెల్ ఆఫ్ పెరూ అంటారు. ఎర్రది, తెల్లది పక్కపక్కన వేస్తే మర్నాటి ఏడు గులాబీ రంగువి మొలవడం మనందరం చూసిందే. మెండెల్ సూత్రాల్ని 1900లో తిరిగి వెలుగులోకి తెచ్చిన ముగ్గురిలో ఒకడైన కార్ల్ కోరెన్స్ ఈ మొక్క మీదే పనిచేశాడు. ఆకుల మీద మచ్చలు తల్లి మొక్క నుంచి మాత్రమే వస్తాయని 1909లో చెప్పింది ఆయనే.

శరత్కాలంలో పారిజాతాలు, బంతులు. పారిజాతం మనదే. తెల్లారేసరికి నేలంతా తెలుపూ కాషాయం. అటు తెలంగాణలో బతుకమ్మ పేర్చేదీ అప్పుడే. ఆ బతుకమ్మలో తంగేడు ఈ నేల మొక్క, అందుకే తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అయింది. దాని పక్కనే కూర్చునే బంతి మెక్సికోది. గుమ్మడిపువ్వు కూడా అమెరికాదే. మనకి మొదటి నుంచీ ఉన్నది బూడిద గుమ్మడి. తీపి గుమ్మడి తర్వాత వచ్చి ఆ పేరు పంచుకుంది. అయినా తాంబాలంలో ఎవరూ ఎవర్నీ పాస్‌పోర్టు అడగలేదు.

చలికాలం చేమంతులది, డిసెంబరాలది. చేమంతిని వేల ఏళ్ళుగా పెంచుతున్నది చైనావాళ్ళు. రాత్రి పొడుగైతే తప్ప అది మొగ్గ వెయ్యదు. పగలూ రాత్రీ నిడివిని మొక్కలు లెక్కపెడతాయని గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్లు 1920లో ప్రకటించారు. నాకీ సంగతి తెలియక రెండేళ్ళు మా బాల్కనీలో చేమంతి పెంచి ఒక్క పువ్వూ చూడలేదు. నా కాల్స్ రాత్రి ఒంటిగంట దాకా, బాల్కనీలో లైటూ అప్పటిదాకా. మూడో ఏడు కుండీని వంటింటి వైపు చీకట్లోకి మారిస్తే కార్తీకం వెళ్ళేసరికి నిండా పూసింది. మనకి షిఫ్ట్ అలవెన్స్ ఇస్తారు, దానికెవరిస్తారు :)

ఇక డిసెంబరాలు. ఊదారంగువి, కనకాంబరంతో కలిపి మాల కడితే చూడముచ్చటగా ఉంటాయి. ఇంగ్లీషు నెల పేరు పెట్టుకుంది కాబట్టి దొరల మొక్కే అనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఇది పక్కా లోకల్, మన దేశంలోనూ చుట్టుపక్కలా సహజంగా పెరిగేదే. సంస్కృతం పేరున్న చంద్రకాంత అమెరికా ఖండం నుంచి వస్తే, ఇంగ్లీషు పేరున్న డిసెంబరం ఇక్కడే పుట్టింది. పేరు చూసి ఊరు చెప్పేవాళ్ళు ఇక్కడ దొరికిపోతారు.

నాకన్నిటికంటే నచ్చింది గన్నేరుల కథ. అసలు గన్నేరు ఆసియా, మధ్యధరా ప్రాంతాల పాత మొక్క. తర్వాత మెక్సికో వైపు నుంచి పచ్చగన్నేరు వచ్చింది. అదే ప్రాంతాల నుంచి ఇంకోటి వచ్చి గుళ్ళ దగ్గర చేరింది, దాన్ని ఏకంగా దేవగన్నేరు చేశారు. మడగాస్కర్ నుంచి వచ్చింది బిళ్ళగన్నేరు. చూడ్డానికి ఒకటి చెట్టు, ఒకటి పొద, ఒకటి మోకాలెత్తు మొక్క. అయినా మనవాళ్ళు అన్నిటికీ గన్నేరు అనే ఇంటిపేరే ఇచ్చారు. వృక్షశాస్త్రంలో చూస్తే నాలుగూ నిజంగానే ఒకే కుటుంబం, అపోసైనేసీ! ఫ్యాను రెక్కల్లా కాస్త మెలితిరిగిన అయిదు రేకులు చూసి పోల్చుకుని ఉంటారు. మైక్రోస్కోపులు లేవు, డిగ్రీలు లేవు. చూసే కళ్ళున్నాయి.

అందులో బిళ్ళగన్నేరుది పెద్ద కథ. 1952లో జమైకా నుంచి దాని ఆకులు కెనడా చేరాయి. అక్కడ మధుమేహానికి కషాయంగా తాగేవారట. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షిస్తే చక్కెర సంగతేమో గానీ, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు తగ్గిపోయాయి. అలా 1958 నాటికి విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత ఇంకో పరిశోధన బృందం చేతుల్లో విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కి ఈనాటికీ వాడే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి. అమ్మమ్మ దాన్ని దేవుడికి పెట్టేది, అంతే తెలుసు ఆవిడకి.

అయితే బయట నుంచి వచ్చినవన్నీ మంచివేనా అంటే, కాదు. గుర్రపుడెక్క కూడా పువ్వు బాగుందనే దక్షిణ అమెరికా నుంచి ప్రపంచమంతా తిప్పారు. ఇప్పుడు కొల్లేరులో, గోదావరి కాలవల్లో దాని ఆగడం చూస్తున్నాం. లాంటానా 19వ శతాబ్దం మొదట్లో తోట అందం కోసం తెచ్చిందే, ఇవాళ అడవుల్ని కమ్మేసింది. కాబట్టి ఏ మొక్కనైనా ఎక్కడ పుట్టిందని కాకుండా, ఇక్కడికొచ్చి ఏం చేస్తోందని అడగాలి.

అన్నట్టు, అమ్మమ్మగారి ఊరి పక్కనే ఇంకో చరిత్ర ఉంది. 1780లలో ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బరో సామర్లకోటలో ఉండి మిరియాలు పండించే ప్రయత్నం చేశాడు, మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి భాగాలుగా అచ్చయింది. 1793లోనే ఆయన కలకత్తా వెళ్ళి అక్కడి కంపెనీ తోట చూసుకున్నాడు. ఆయన రాసిన ఫ్లోరా ఇండికాలో ఎన్నో మొక్కలకి తెలుగు పేర్లూ ఉన్నాయి. ఆ పేర్లు ఆయనకెవరో చెప్పాలి కదా? ఏ తోటమాలో, ఏ నాటువైద్యుడో, ఏ ఇంటి ఇల్లాలో. వాళ్ళ పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. గోడ మీంచి పక్కింటావిడకి గుప్పెడు విత్తనాలిచ్చినదాన్ని ఎవరు రాసిపెడతారు? మన పెరళ్ళన్నీ అలా నిండినవే.

పొద్దున్నే అమ్మకి ఇదంతా చెప్పాను. విని, "మరి పూజ సంగతి?" అంది.

"అమ్మా, చక్రపొంగలిలో జీడిపప్పు వేస్తావుగా? అది బ్రెజిల్‌ది. పులిహోరలో మిరపకాయ, పల్లీలు కూడా అమెరికావే. బంతి మానేస్తే నైవేద్యం కూడా మానెయ్యాలి."

"పల్లీలు కూడానా!" అంది. కాసేపాగి, "అమ్మ పెట్టిన నైవేద్యాన్ని తప్పు పట్టేంత గొప్పవాళ్ళా వీళ్ళు" అని ఫోన్ పక్కన పడేసింది.

ఆ పెరడు ఇప్పుడు లేదు. 2011లో అమ్మేశాం. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, బావి ఉన్నచోట కార్ల పార్కింగు. సంతకాలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, నా ఫ్లాట్ డౌన్‌పేమెంట్‌లో ఆ డబ్బూ ఉంది. మన పూలు, పరాయి పూలు అని వాట్సాప్‌లో కొట్టుకుంటున్నాం గానీ, పారిజాతాన్నీ చంద్రకాంతనీ కలిపి నరికింది పరాయివాడు కాదు. మా అమ్మాయికి పదేళ్ళు, దానికి రోజా తప్ప మిగిలినవన్నీ "ఫ్లవర్సే".

ఆ మధ్యాహ్నం గుమ్మానికి బంతిపూల తోరణం కట్టాం. తర్వాత అమ్మ పాత కుంకుమ భరిణె ఒకటి తీసింది. అందులో మిరియాల్లా నల్లగా పది పన్నెండు చంద్రకాంత గింజలు. ఇల్లు అమ్మేసిన రోజు బావి గట్టు దగ్గర ఏరుకుందట. "ఇన్నేళ్ళకి మొలుస్తాయంటావా?" అని మా అమ్మాయి చేతిలో పోసింది.

తొమ్మిది గింజలు నాటాం. రెండు మొలిచాయి. ఏ రంగో ఇంకా తెలీదు.