గ్యారేజీల్లో పుట్టిన చరిత్ర

మన ఇళ్ళలో గ్యారేజీ తలుపు ఎత్తితే ఏం కనిపిస్తాయి? బియ్యం బస్తాలు, రెండో ఫ్రిజ్, ఇండియా నుంచి వచ్చిన ఖాళీ సూటుకేసులు, బొమ్మల కొలువు అట్టపెట్టెలు. కారు చాలావరకు బయటే ఉంటుంది. నేను మిచిగన్ వచ్చి ముప్ఫయ్యేళ్ళు దాటింది. మా వీధిలో మరో రకం గ్యారేజీలు కూడా ఉన్నాయి. వాటిలో అరవయ్యేళ్ళు నిండిన కారొకటి స్టాండ్ల మీద నిలబడి ఉంటుంది. శని, ఆదివారాలు వచ్చాయంటే ఇంటాయన దాని కింద వెల్లకిలా పడుకుని ఉంటాడు.

పాత కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి రూపానికి తేవడాన్ని ఇక్కడ రెస్టొరేషన్ అంటారు. ఇంజను, చక్రాలు, ఒంపుసొంపులు తన ఇష్టానికి మార్చుకుంటే అది హాట్ రాడ్, లేదా కస్టమ్ కారు. ఇది అచ్చంగా అమెరికా వాళ్ళ సరదా, మనకెందుకని మనలో చాలామంది అనుకుంటాం. దీని చరిత్ర కాస్త తిరగేస్తే ఆ మాట నిలవదు. ఇది చాలావరకు మనలాంటి వలసవాళ్ళ పిల్లలు కట్టిన చరిత్ర.

మొదలు హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కారుతోనే. 1908లో 850 డాలర్లకు అమ్మిన ఆ కారు, 1913లో కదిలే అసెంబ్లీ లైను వచ్చాక చవకవుతూ పోయి 1920లలో మూడువందల డాలర్ల లోపుకు దిగింది. 1927లో ఆపేసేనాటికి కోటిన్నర పైగా తయారయ్యాయి. ఆ ఇంజను శక్తి 20 హార్స్ పవర్. రైతులు వెనక చక్రం ఎత్తి, బెల్టు తగిలించి, దానితో రంపాలూ నీళ్ళ పంపులూ తిప్పుకున్నారు. చెడితే బాగుచేసుకున్నది కూడా వాళ్ళే.

సెకండ్ హ్యాండులో కొద్ది డాలర్లకే దొరికే ఆ బండిని ఇంకా వేగంగా పరిగెత్తించాలన్న కోరిక కుర్రాళ్ళకు సహజమే కదా! దానికి మెరుగైన సిలిండర్ హెడ్లు చేసి అమ్మినవారిలో లూయీ షెవర్లే ఒకరు. స్విట్జర్లాండులో పుట్టి ఈ దేశం వచ్చిన మనిషి. తన పేరు పెట్టుకున్న కంపెనీ నుంచి బయటికి వచ్చేసి, తమ్ముడు ఆర్థర్‌తో కలిసి ఫోర్డు కార్లకు ‘ఫ్రాంటెనాక్’ హెడ్లు తయారుచేశారు. 1915లో ఇజ్రాయెల్ వార్షావ్‌స్కీ అనే లిథువేనియా వలసదారు షికాగోలో పాత కార్ల తుక్కు కొట్టు పెట్టారు. తర్వాత ఆయన కొడుకు అదే వ్యాపారాన్ని జె.సి.విట్నీ అనే క్యాటలాగుగా మార్చారు. మారుమూల పల్లెలో ఉన్నవాడికి కూడా విడిభాగాలు పోస్టులో చేరాయి.

1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరలో వి-8 ఇంజను కారు తెచ్చింది. శక్తి 65 హార్స్ పవర్. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళ చేతికి ఇది చిక్కింది. ఫెండర్లు విప్పి బరువు తగ్గించి, కార్బురేటర్లు పెంచి, ఎండిపోయిన మ్యురాక్ సరస్సు మీదికి తీసుకెళ్ళి పరుగు తీయించేవారు. వీధుల్లో పందేలతో ప్రమాదాలు జరుగుతున్నాయని పోలీసులు, పెద్దలు మండిపడుతుంటే, ఈ కుర్రాళ్ళే 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకుని తమకు తామే నియమాలు రాసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ సరదాను దేశమంతటికీ పాకించింది. విమానాలు, ట్యాంకులు రిపేరు చేయడం నేర్చుకున్న సైనికులు 1945 తర్వాత ఇళ్ళకు చేరారు. చేతిలో విద్య ఉంది, జేబులో కొంచెం డబ్బుంది. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక మొదలైంది. 1949లో బానవిల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్, 1951లో వాలీ పార్క్స్ నాయకత్వాన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ వచ్చాయి.

ఈ కాలంలో వినిపించే పేర్లు చూడండి. ఇంజను కవాటాలను నడిపే క్యామ్‌షాఫ్టులకు పేరుమోసిన ఎడ్ ఇస్కెండేరియన్ ద్రాక్షతోటలు సాగుచేసిన ఆర్మీనియన్ కుటుంబం పిల్లవాడు. కస్టమ్ కార్లకు కళారూపం ఇచ్చిన జార్జ్ బారిస్ తల్లిదండ్రులు గ్రీకులు. జోరా ఆర్కస్-డుంటోవ్ బ్రస్సెల్స్‌లో పుట్టిన రష్యన్ యూదుడు. నాజీల నుంచి తప్పించుకుని వచ్చి, తమ్ముడితో కలిసి ఫోర్డు వి-8కి ‘ఆర్డన్’ హెడ్లు తయారుచేశాడు. 1953లో జనరల్ మోటార్స్‌లో చేరగానే పైవాళ్ళకు ఒక మెమో రాశాడు. కుర్రాళ్ళు చదివే పత్రికల నిండా ఫోర్డులే ఉన్నాయనీ, రేపు వాళ్ళు కొనేదీ ఫోర్డే అవుతుందనీ, మార్పులకు కావలసిన భాగాలు షెవర్లే కంపెనీయే తయారుచేసి ఇవ్వాలనీ దాని సారాంశం. కార్వెట్ కారు ఎదుగుదలకు ఆయనే ప్రాణం పోశాడు.

ఇక లారీ షినోడా. జపనీస్ కుటుంబంలో పుట్టినందుకు యుద్ధకాలంలో ఈ ప్రభుత్వమే ఆ పిల్లవాణ్ణి మాంజనార్ శిబిరంలో ఉంచింది. బయటికి వచ్చి హాట్ రాడ్లు కట్టాడు, 1955లో తొలి జాతీయ డ్రాగ్ పోటీల్లో తన తరగతిలో గెలిచాడు. అమెరికా కార్లలో అందమైనవాటిలో ఒకటిగా చెప్పుకునే 1963 కార్వెట్ స్టింగ్ రే రూపకల్పనలో అతని చెయ్యి ఉంది. పరాయివాడని కంచె వెనక నిలబెట్టిన దేశానికే ఒక గుర్తును గీసి ఇచ్చిన మనిషి!

మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళ దారి వేరు. వాళ్ళకు వేగం కాదు, నేలకు ఆనుకుని నెమ్మదిగా, హుందాగా సాగడం ముఖ్యం. వీటిని లోరైడర్లు అంటారు. 1950ల చివర్లో, కారు అడుగు చక్రాల అంచు కన్నా కిందికి ఉండకూడదని కాలిఫోర్నియా చట్టం చేసింది. రాన్ అగిర్రె అనే యువకుడు విమానాల హైడ్రాలిక్ పంపులు బిగించి, పోలీసు కనిపిస్తే కారును పైకి లేపే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ నిషేధాలు 2024లో గాని తొలగలేదు.

1955లో షెవర్లే చిన్న వి-8 వచ్చింది. తేలిక, చవక, ఒక ఏడాది ఇంజను భాగం మరో ఏడాది ఇంజనుకు తరచు సరిపోయేది. 2011 నాటికి ఆ కుటుంబానికి చెందిన ఇంజన్లు పదికోట్లు తయారయ్యాయి. 1964 ఏప్రిల్ 17న 2,368 డాలర్ల ధరతో మస్టాంగ్ వచ్చింది. తొలిరోజే 22 వేల ఆర్డర్లు. తర్వాత 1970 నాటి కాలుష్య చట్టం, బీమా ఖర్చులు, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ భారీ ఇంజన్ల కాలాన్ని ముగించాయి. అప్పటి నుంచి ఆ కాలపు కార్లను దాచుకోవడం, బాగుచేసుకోవడం మొదలైంది.

ఆ పని ఎలా ఉంటుందో మా పక్కింట్లో చూశాను. ఆయన రిటైరైన టూల్ అండ్ డై మేకరు. కారు 1965 మస్టాంగ్. విప్పిన ప్రతి నట్టూ బోల్టూ సంచీలో వేసి చీటీ రాయాలి. మన చలికాలపు రోడ్ల ఉప్పుకు అడుగురేకు జల్లెడైపోతుంది. కుళ్ళిన మేర కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. ఆనాటి చాలా కార్లలో బ్రేకులన్నిటికీ మాస్టర్ సిలిండరులో ఒకే గది ఉండేది. ఒకచోట లీకైతే నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే. అందుకే రెండు గదులది బిగించుకుంటారు. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం రోడ్డు కార్లకు 1996 నుంచి నిషేధం కాబట్టి, వాల్వు సీట్లు గట్టిరకానివి వేయించుకుంటారు. ఏది అసలు రూపం, ఏది మార్పు అన్న వాదన ఇక్కడ ఎప్పటికీ తెగదు. ప్రాణానికి రక్షణ ఇచ్చే మార్పు మంచిదేనని నా మతం.

ఆయన ముగ్గురు పిల్లలూ దూర రాష్ట్రాల్లో ఉన్నారు. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా రెండేళ్ళు ఆయన దగ్గర పనిచేసింది. అప్పుడు మా దగ్గరే ఉన్న మా అమ్మ, “ఒరే, ఆడపిల్ల చేతులకు ఆ గ్రీజేమిట్రా? చదువుకోమని చెప్పవేం?” అని సణిగేది. మా అమ్మాయి నవ్వి, “ఇదీ చదువే నానమ్మా!” అనేది. ఒకరోజు ఇంజను చప్పుడు విని, అయిదో సిలిండరులో స్పార్కు సరిగా పడటం లేదని అదే చెప్పింది. విప్పి చూస్తే ప్లగ్గు మసిబారి ఉంది. ఆ ముసలాయన ఏమీ అనలేదు గాని, తన టార్క్ రెంచి దాని చేతికిచ్చాడు. కారునైతే తన తర్వాత ఎవరో ఒకరు కొంటారనీ, చప్పుడు విని జబ్బు చెప్పే విద్యను మాత్రం ఎవరూ కొనలేరనీ నాతో అన్నాడు.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. 1928లోనే జనరల్ మోటార్స్ బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. షెవర్లెట్, డాడ్జి, ప్లిమత్ పేర్లు మన తాతల నోళ్ళలో నలిగినవే. విడిభాగం దొరకని రోజుల్లో లేత్ మిషను మీద దాన్ని తయారుచేసి లారీని మళ్ళీ రోడ్డెక్కించిన మేస్త్రీలు విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఎందరో! వాళ్ళకు పత్రికలు లేవు, బిరుదులు లేవు. చేసిన పని మాత్రం ఇదే.

ఏటా ఆగస్టులో మన డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగుచేయడం కోసం మొదలైంది. పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళండి. కార్ల యజమానులు అడిగితే చాలు, బోనెట్టు ఎత్తి గంటసేపు చెబుతారు.

దసరాకు మనం ఆయుధపూజ చేస్తాం. పుస్తకాలతో పాటు స్పానరుకూ కుంకుమ పెట్టే సంప్రదాయం మనది. పిల్లలు ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకుంటామంటే, గ్యారేజీలో ఆ బియ్యం బస్తాలు కాస్త పక్కకు జరుపుదాం.