సవరల ఆత్మభావన – ఆదిరూప మనోవిజ్ఞానం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆత్మ ఏకరూపం కాదని, అది కల్పనాశక్తి ద్వారా అనేక మూర్తులుగా వ్యక్తమవుతుందని జేమ్స్ హిల్‌మన్ ‘రీ-విజనింగ్ సైకాలజీ’ (1975)లో ప్రతిపాదించాడు. యూంగ్ ఆలోచనల నుంచి ఎదిగిన ఈ ధోరణే ఆదిరూప మనోవిజ్ఞానం. అరకు లోయకు ఈశాన్యంగా, సీతంపేట, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తూర్పు కనుమలలో నివసించే సవరల సంప్రదాయం ఈ ప్రతిపాదన బలాన్నీ పరిమితినీ తెలియజేస్తుంది.

అధ్యయన చరిత్ర

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి సవర భాష నేర్చి, 1931లో భాషా బోధినిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథం సవరల మతాన్ని, వారి గోడచిత్రాలను విపులంగా నమోదు చేసింది. ఒడిశా సవరల మధ్య పరిశోధించిన పీర్స్ విటెబ్స్కీ ‘డైలాగ్స్ విత్ ది డెడ్’ (1993)లో మృతులతో జరిగే సంభాషణలను విశ్లేషించాడు.

మృతులతో సంభాషణ

సవరలు మృతాత్మను ‘సోనుం’ అంటారు. పూజారి, ఎక్కువగా పూజారిణి, పూనకంలో ఉండగా మృతులు ఆమె నోట పలుకుతారు. బంధువులు వారితో వాదిస్తారు, విలపిస్తారు, నిష్ఠురమాడతారు. మరణకారణాన్ని బట్టి మృతుడు మొదట సూర్యుడు, చిరుత, భూమి వంటి సోనుంలలో చేరి, తన బాధనే బతికినవారికి రోగంగా అంటిస్తాడు. సంభాషణలు, బలులు, శిలాప్రతిష్ఠ జరిగిన తరువాత క్రమంగా కాపాడే పితరుడవుతాడు. అతని పేరు వంశంలోని శిశువుకు సంక్రమిస్తుంది. పాతాళంలో మరోసారి మరణించి చివరికి సీతాకోకచిలుక అవుతాడు. గ్రీకు భాషలోని ‘సైకీ’ పదానికి ఆత్మ, సీతాకోకచిలుక అనే రెండర్థాలూ ఉండడం గమనార్హం.

తులనాత్మక పరిశీలన

ఫ్రాయిడ్ 1917 నాటి వ్యాసం ప్రకారం శోకం బతికినవారి మనసులో జరిగే పని. మృతుడికి అందులో పాత్ర లేదు. సవరల దృష్టిలో మృతుడు కూడా శోకిస్తాడు, మారతాడు. హిల్‌మన్ మృతులను, దేవతలను ఆత్మ రూపాలుగా గౌరవించాడు. కానీ సవరలకు సోనుం ఊహాచిత్రం కాదు; కోడినో దున్ననో అడిగే బంధువు. అందువల్ల సోనుంను ‘ఆదిరూపం’గా మాత్రమే వివరిస్తే, బంధుత్వాల మధ్య ఉన్న ఆత్మను తిరిగి ఒక్క మనసులో బంధించినట్లవుతుంది.

ఉపసంహారం

ఈ వ్యవస్థలో ఓదార్పుతోపాటు రోగభయం, బలుల వ్యయభారం కూడా ఉన్నాయి. యువతరం బాప్టిస్టు క్రైస్తవం వైపు మళ్లడంతో సంభాషణలు సన్నగిల్లిన తీరును విటెబ్స్కీ ‘లివింగ్ వితౌట్ ది డెడ్’ (2017)లో వివరించాడు. ఆ భయభారాలతోపాటు, చనిపోయినవారితో మాట తేల్చుకునే అవకాశమూ తొలగిపోయింది. ఈ మార్పును కేవలం మతాంతరంగా కాక, వ్యక్తి అనే భావనలోనే వచ్చిన మార్పుగా చరిత్రకారులు పరిగణించవలసి ఉంది.