పెరటి డెక్ పక్కన హాట్ టబ్: స్థలం, బరువు, మట్టం

అమెరికాలో, కెనడాలో వెనుక తలుపు తీసి పెరట్లోకి వెళితే చాలా ఇళ్లలో మొదటి అడుగు డెక్ మీద పడుతుంది. గుంజల మీద దూలాలు వేసి, పైన పలకలు బిగించి, ఇంటి గోడకు ఆనించి కట్టిన చెక్క అరుగు అది. దాని మీదో, పక్కనో, మధ్యలోనో వేడినీళ్ల తొట్టి పెట్టుకోవడం అక్కడ దాదాపు యాభై ఏళ్లుగా ఉన్న అలవాటు. లోపల ఆసనాలు, గోడల్లోంచి నీటిని వేగంగా చిమ్మే జెట్లు, అడుగున పంపు, హీటరు ఉండే ఈ తొట్టినే హాట్ టబ్ అంటారు. బాత్రూమ్ టబ్‌లా దీన్ని వాడిన ప్రతిసారీ ఖాళీ చేయరు. అవే నీళ్లను వడపోస్తూ, క్లోరినో బ్రోమినో కలుపుతూ మూడు నాలుగు నెలలు వాడతారు. అంటే ఇది రాత్రీ పగలూ, ఎండకూ మంచుకూ నిండుగా ఉండే వస్తువు. ఎక్కడ పెట్టాలన్న లెక్క అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ అలవాటు పుట్టింది కాలిఫోర్నియాలో. ఇటలీ నుంచి వలస వచ్చిన జకూజీ సోదరులు బర్క్‌లీలో మొదట విమానాల ప్రొపెల్లర్లు, తర్వాత వ్యవసాయ పంపులు తయారుచేసేవారు. వారిలో కాండిడో కొడుకు కెన్నెత్‌కు పసితనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఇచ్చే నీటి చికిత్స ఇంట్లోనే అందాలని, మామూలు స్నానపు తొట్టిలో దించే చిన్న పంపును ఆ కుటుంబం రూపొందించింది. 1956లో అది జే-300 పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. 1968లో రాయ్ జకూజీ జెట్లను తొట్టి గోడల్లోనే అమర్చిన నమూనా తెచ్చాడు. ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో కొందరు పాత వైన్ పీపాలను పెరట్లోకి తెచ్చి వేడినీళ్లు నింపుకోసాగారు. లోతైన పీపాలోకి దిగాలంటే పక్కన ఎత్తైన అరుగు కావాలి. డెక్కుకూ తొట్టికీ జత అలా కుదిరింది. తర్వాత ఫైబర్‌గ్లాస్, అక్రిలిక్ తొట్లు వచ్చి చెక్క పీపాలు తగ్గాయి గానీ ఆ జత విడిపోలేదు.

స్థలం చూసేటప్పుడు చాలామంది ముందు చెట్లు, ఆకాశం, సూర్యాస్తమయం ఏ వైపో చూస్తారు. ముందు చూడాల్సింది బరువు. ఆరుగురు కూర్చునే టబ్‌లో సుమారు 400 గ్యాలన్లు, అంటే 1,500 లీటర్ల నీళ్లు పడతాయి. నీళ్ల బరువే 1,500 కిలోలు. ఖాళీ తొట్టి మరో 350 కిలోలు ఉంటుందనుకుంటే, మనిషికి 75 కిలోల చొప్పున ఆరుగురు కలిసేసరికి మొత్తం 2,300 కిలోలు. జనం ఎక్కి కూర్చున్న పెద్ద ఎస్‌యూవీని తెచ్చి ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు చోటులో నిలిపినట్టే. చదరపు అడుగుకు దాదాపు 47 కిలోలు పడుతుంది. అమెరికా నివాస గృహాల నిబంధనల ప్రకారం మామూలు డెక్‌ను మనుషులు, కుర్చీల బరువు కింద చదరపు అడుగుకు 40 పౌండ్లు, అంటే 18 కిలోలు మోసేలా కడతారు. టబ్ అంతకు రెండున్నర రెట్లు అడుగుతుంది.

కొత్త డెక్ గట్టిగా ఉంది కదా, మోస్తుందిలే అనుకోవడం ప్రమాదం. అమెరికన్ వుడ్ కౌన్సిల్ ప్రచురించిన డెక్ నిర్మాణ మార్గదర్శి చాలా ఊళ్లలో అనుమతులకు ప్రామాణికం. హాట్ టబ్ లాంటి బరువులు తన లెక్కల్లో లేవని ఆ మార్గదర్శే స్పష్టంగా చెబుతుంది. డెక్‌లు కూలే చోటు కూడా చాలాసార్లు ఒక్కటే: ఇంటి గోడకు డెక్‌ను పట్టి ఉంచే లెడ్జర్ పలక. దాన్ని బోల్టులతో బిగించకుండా మేకులతో సరిపెట్టిన పాత డెక్‌లు ఇప్పటికీ ఉన్నాయి. పలకలు పచ్చగా మెరుస్తున్నా లోపల లెడ్జర్ చీకిపోయి ఉండొచ్చు. ఎత్తైన డెక్ మీదే టబ్ ఉండాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టాలి, టబ్ కింద విడిగా గుంజలు, పునాదులు పడాలి. అందుకే ఇళ్లు కట్టేవాళ్లు ఎక్కువగా చెప్పేది, ఈ వ్యాసం సమర్థించేదీ ఒకటే: టబ్ నేల మీద తన సొంత పునాదిపై నిలవాలి, డెక్ దాని దగ్గరకు రావాలి.

ఆ పునాది సాధారణంగా నాలుగంగుళాల మందమున్న కాంక్రీట్ బెడ్. గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర మీద, లోపల ఇనుప జాలీ వేసి పోస్తారు. అన్నిటికన్నా ముఖ్యం సమమట్టం. టబ్ ఒక పక్కకు ఒరిగితే ఒక అంచు దగ్గర నీళ్లు పైకి, మరో అంచు దగ్గర కిందికి ఉంటాయి. తొట్టి ఒంటి మీద బరువు సమంగా పడక పగుళ్లు వస్తాయి. అలాంటి పగుళ్లకు వారంటీ వర్తించదని తయారీదారులు ముందే రాసిస్తారు. విడివిడి రాళ్లు పరిచి వాటి మీద పెడితే ఒక్కో రాయి ఒక్కో తీరున కుంగుతుంది. చవకగా కనిపించినా ఆ పని మానుకోవడమే మంచిది. తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాస్, విద్యుత్, కేబుల్ లైన్లు భూమిలో ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిస్తారు. 2007 నుంచి ఈ నంబరు అమెరికా అంతటా పనిచేస్తోంది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే చోటు మీద మాత్రం టబ్ పెట్టకూడదు.

చలి ప్రాంతాల్లో మరో చిక్కు ఉంది. మిన్నెసోటాలో నేల గడ్డకట్టే లోతును బట్టి డెక్ గుంజల పునాదులు దక్షిణాన మూడున్నర అడుగులు, ఉత్తరాన ఐదడుగుల లోతుకు వెళ్లాలి. టబ్ కింది కాంక్రీట్ బెడ్ మాత్రం నేల పైపొరలోనే తేలుతూ ఉంటుంది. శీతకాలంలో నేలలోని నీరు మంచై ఉబ్బినప్పుడు బెడ్ కొద్దిగా లేస్తుంది, డెక్ లేవదు. రెండింటినీ మేకులతోనో కాంక్రీటుతోనో కలిపేస్తే ఏదో ఒకటి చీలుతుంది. అందుకే టబ్ చుట్టూ డెక్ పలకలకు అంగుళం లోపు సందు వదులుతారు. కాలి వేళ్లు ఇరుక్కోవు, రెండూ దేనికది కదులుతాయి.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సాస్ ఉత్తర ప్రాంతంలో మంచు బాధ తక్కువ, మట్టి బాధ ఎక్కువ. డాలస్, ప్లేనో, ఫ్రిస్కోల మీదుగా సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. శాస్త్రవేత్తలు రెండింటినీ వెర్టిసోల్ అనే ఒకే వర్గంలో చేరుస్తారు. కర్నూలులోనో ఆదిలాబాదులోనో వేసవిలో నెర్రెలు విచ్చిన పొలం చూసినవారికి ఈ మట్టి గుణం వేరే చెప్పనక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పునాది చుట్టూ మట్టి ఎండి కుంగకుండా అక్కడి ఇళ్లవాళ్లు రంధ్రాల గొట్టాలతో నీళ్లు పెడుతుంటారు కూడా. ఇలాంటి నేల మీద పలచని బెడ్ పోస్తే ఒకటి రెండు వేసవులకే ఒరిగే అవకాశం ఉంది. పైమట్టి తీసేసి గ్రావెల్ నింపడం, మట్టికి సున్నం కలిపి గట్టిపరచడం, ఇనుప చువ్వలు వేసి బెడ్ మందం పెంచడం లాంటి జాగ్రత్తల్లో ఏది అవసరమో ఆ చోటి మట్టిని చూసి తేల్చుకోవాలి.

ఇక మట్టం సంగతి. పునాది తర్వాత ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. టబ్ ఎత్తు సుమారు మూడడుగులు. నేల మీద నిలిపి, పక్కనున్న డెక్ టబ్ అంచుకు పద్దెనిమిది అంగుళాల కిందికి వచ్చేలా చూస్తే టబ్ అంచు కుర్చీ ఎత్తులో అందుతుంది. ముందు దాని మీద కూర్చుని, ఒక్కో కాలు లోపలికి తిప్పి దిగొచ్చు. వేసవికి ఊరి నుంచి వచ్చే తల్లిదండ్రులకు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకు ఈ ఎత్తు ఎంతో మేలు చేస్తుంది. పక్కన పట్టుకోడానికి గట్టి కమ్మీ ఒకటి ఉండాలి. టబ్ అంచును డెక్‌తో సమానం చేసి పూర్తిగా పూడ్చడం ఫొటోల్లో అందంగా ఉంటుంది. కానీ నడిచేవాళ్ల కాలు జారి లోపల పడొచ్చు. పరిగెత్తే పిల్లలున్న ఇంట్లో అది అసలు తగదు. పూడ్చిన గోతిలో వాననీళ్లు నిలిస్తే పంపు, హీటరు మునుగుతాయి. గోతికి అడుగున డ్రెయిన్, ఒక్కోసారి నీళ్లు తోడే మోటారు కూడా పెట్టాల్సి వస్తుంది.

ఈ మట్టానికీ విద్యుత్తుకూ మధ్య ఒక లింకుంది. అది తెలియక డెక్ మొత్తం కట్టేశాక పలకలు ఊడదీసిన ఇళ్లున్నాయి. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళిలోని 680వ అధికరణం ప్రకారం నీళ్ల చుట్టుపక్కల లోహ భాగాలను, నేలను రాగి తీగతో కలిపి ఒకే విద్యుత్ పీడనంలో ఉంచాలి. తడి కాళ్లతో నిలబడ్డ మనిషికి షాక్ కొట్టకుండా ఆపేది ఈ ఏర్పాటే. నేల మీద పెట్టే రెడీమేడ్ టబ్‌లకు నేలను కలిపే పని నుంచి కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. వాటిలో ఒకటి: టబ్‌కు ముప్పై అంగుళాల లోపు ఉన్న ప్రతి తలం కన్నా టబ్ అంచు కనీసం 28 అంగుళాలు ఎత్తులో ఉండాలి. మామూలు పెరట్లో ఈ షరతు దానంతటదే నెరవేరుతుంది. దిగడానికి హాయిగా ఉండాలని డెక్‌ను టబ్ అంచుకు పద్దెనిమిది అంగుళాల కిందికి తెచ్చామా, ఆ మినహాయింపు పోతుంది. కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో, ఊరి ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడాల్సింది డెక్ గీత గీసేటప్పుడే, పలకలు కొట్టాక కాదు.

పెద్ద టబ్‌లు 240 వోల్టులు, 50 ఆంపియర్ల ప్రత్యేక లైను మీద నడుస్తాయి. లీకేజీని పసిగట్టి క్షణంలో కరెంటు కట్ చేసే బ్రేకరు తప్పనిసరి. కరెంటు ఆపే స్విచ్చు టబ్ దగ్గర నుంచి కనిపించాలి, కానీ నీటిలోంచి చేయి చాచితే అందకుండా కనీసం ఐదడుగుల దూరంలో ఉండాలి. మామూలు ప్లగ్ పాయింట్లు ఆరడుగుల అవతల ఉండాలి. డెక్ మీద లైట్ల కోసం ఎక్స్‌టెన్షన్ తీగలు లాగే అలవాటు టబ్ దగ్గర పనికిరాదు.

డెక్‌లోకి తెరుచుకునే కిటికీ అద్దం కూడా లెక్కలోకి వస్తుంది. నీటి అంచుకు ఐదడుగుల లోపు, కింది అంచు తక్కువ ఎత్తులో ఉన్న అద్దం పగిలితే కత్తుల్లా చీలని టెంపర్డ్ రకం కావాలని నివాస గృహాల నిబంధన. పాత కిటికీ పక్కన కొత్త టబ్ పెట్టేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు.

పిల్లల భద్రత కోసం చాలా రాష్ట్రాల్లో ఈత కొలనుల చుట్టూ కనీసం నాలుగడుగుల కంచె అడుగుతారు. ఏఎస్‌టీఎం ఎఫ్1346 ప్రమాణానికి సరిపోయే తాళం వేసే మూత ఉంటే హాట్ టబ్‌కు చాలాచోట్ల ఆ కంచె నుంచి సడలింపు దొరుకుతుంది. అయితే ఆ మూతకూ స్థలం కావాలి. మధ్యకు మడిచి వెనక్కి వాల్చే మూత నిలవాలంటే టబ్ వెనుక ఒకటిన్నర నుంచి రెండడుగుల ఖాళీ ఉండాలి. ఇంటి గోడకు ఆనించి పెడితే మూత తెరవడం రోజూ కుస్తీ అవుతుంది, ఆవిరి గోడ రంగును పొరలుగా లేపుతుంది. చూరు నుంచి జారే మంచుదిబ్బ, వాననీటి ధార నేరుగా మూత మీద పడని చోటు చూడాలి.

నీళ్లు మార్చే రోజు 1,500 లీటర్లు ఎటు పారతాయో ముందే తేల్చుకోవాలి. ఇంటి గోడ నుంచి పదడుగుల దూరానికి నేల ఆరంగుళాలు దిగువకు వాలాలని అక్కడి నిబంధన. టబ్ బెడ్ ఆ వాలుకు అడ్డు పడితే వాననీరు పునాది వైపు తిరుగుతుంది. క్లోరిన్ ఉన్న నీళ్లను వీధి కాలువలోకి వదలడం చాలా ఊళ్లలో నిషిద్ధం. కొన్ని రోజులు మందు వేయకుండా మూత తీసి ఉంచి, క్లోరిన్ పోయాక గడ్డి మీదకు వదులుతారు.

వెనుక తలుపు నుంచి టబ్ దాకా ఎన్ని అడుగులు నడవాలన్నదీ ఆలోచించాలి. జనవరి రాత్రి మంచులో తువ్వాలు చుట్టుకుని పెరటి చివర దాకా వెళ్లే ఓపిక మొదటి నెలలోనే తగ్గుతుంది. తలుపుకు దగ్గరగా, పక్కింటి పడకగదికి దూరంగా ఉన్నది మంచి చోటు. సరిహద్దు నుంచి ఎంత దూరం వదలాలో ఊరి నిబంధనలు, కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) కాగితాలు చెబుతాయి.

పంపు, హీటరు ఉండే సర్వీస్ ప్యానెల్ ఏ వైపు ఉందో చూసి, ఆ వైపు కనీసం రెండడుగుల జాగా వదలాలి. డెక్ ఆ వైపునే వస్తే ఊడదీసే తలుపులాంటి పలకల భాగం ఉండాలి. దాన్ని మేకులతో కాకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలతో బిగించాలి. 2003 చివరితో ఆర్సెనిక్ మందు పట్టిన కలప ఇళ్ల వాడకం నుంచి పోయింది. ఇప్పుడు వాడే మందుల్లో రాగి ఎక్కువ కావడంతో మామూలు ఇనుప మేకుల్ని అవి త్వరగా తినేస్తాయి. పైగా ఇక్కడ క్లోరిన్ ఆవిరి తోడవుతుంది.

టబ్‌ను లోపలికి తేవడం మరో లెక్క. దాన్ని పక్కకు నిలబెట్టి చక్రాల బండి మీద తోసుకొస్తారు. గేటు, పక్క సందు నాలుగడుగుల వెడల్పు ఉండాలి. పక్కన ఏసీ యూనిట్లు, గ్యాస్ మీటరు, పైన కొమ్మలు అడ్డు రాకుండా తొమ్మిదడుగుల ఎత్తు వరకు ఖాళీ ఉండాలి. సందు ఇరుకైతే క్రేన్‌తో ఇంటి కప్పు మీదుగా దించుతారు. ఆ ఖర్చు వేరే. పది పదిహేనేళ్లకు తొట్టి పాతబడి మార్చాల్సి వచ్చినప్పుడు అది అదే దారిన బయటికి వెళ్లాలి. డెక్‌ను చుట్టూ కట్టేటప్పుడు ఒక వైపు పలకలు, కమ్మీ బోల్టులు విప్పితే ఊడి వచ్చేలా ఉంచడం, ఆ వైపు గుంజలు టబ్ వెడల్పు కన్నా ఎడంగా నాటడం మొదటి రోజే జరగాల్సిన పని.