అత్తయ్యగారి పేరున ఇసే యాత్ర

మా అబ్బాయి నగోయాలో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మమ్మల్ని రమ్మన్నాడు. టిక్కెట్లు వచ్చిన రోజు నుంచీ నాకు ఒకటే బెంగ. విమానం గురించి కాదు, అక్కడి చలి గురించీ కాదు. వచ్చేటప్పుడు ఎవరెవరికి ఏమేం తేవాలా అని. పాత నోటుబుక్కులో పేర్లు రాస్తే 34 తేలాయి. ఇద్దరు ఆడపడుచులు, తోడికోడలు, వాళ్ళ పిల్లలు, మా పుట్టింటి వాళ్ళు, ఎదురింటి పిన్నిగారు, మేం లేనన్నాళ్ళూ తులసమ్మకి నీళ్ళు పోసే మా పనమ్మాయి. సూట్‌కేసుకి 23 కేజీలే.

దీనికి ముందొకసారి సింగపూర్ వెళ్ళొచ్చినప్పుడు జరిగింది మర్చిపోలేదు. మనసుపడి తెచ్చిన పర్సుని మా బంధువుల్లో ఒకావిడ వెనక్కి తిప్పి, లోపలి చీటీ చదివి, "మేడిన్ చైనా. మన బీసెంట్ రోడ్డులో ఇవే గుట్టలు పోసి అమ్ముతున్నారు వదినా" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక అత్తయ్యగారు. ఆవిడకి 81 ఏళ్ళు. కాశీకి రెండుసార్లు టిక్కెట్లు కొని రెండుసార్లూ మానుకోవాల్సి వచ్చింది. ఒకసారి మామయ్యగారి ఆపరేషన్, ఒకసారి కరోనా. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. బయల్దేరే ముందురోజు నన్ను గదిలోకి పిలిచి, నాలుగు మడతలు పెట్టిన 500 నోట్లు నాలుగు నా చేతిలో పెట్టారు. "నాకు అక్కడి సరుకేమీ వద్దమ్మా. వాళ్ళకీ ఓ అమ్మవారు ఉండకపోదు. నా పేరున దణ్ణం పెట్టుకుని రా" అన్నారు.

అమ్మవారి కోసం వెతికితే ఇసే దొరికింది. నగోయా నుంచి రైల్లో గంటన్నర. సూర్యదేవత అమతెరాసు వెలసిన చోటు. మనకి సూర్యుడు నారాయణుడు, వాళ్ళకి అమ్మ. లోపలి గుడి ఆవిడది. ఊళ్ళో ఇంకో పెద్ద గుడి ఉంది, అక్కడుండే తొయోఉకె అన్నానికి అధిదేవత. అన్నపూర్ణమ్మే అనుకున్నాను. వెళ్ళేముందు రెండు రాత్రులు అబ్బాయి కంప్యూటర్లో ఇసే చరిత్ర చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ నా నోటుబుక్కులోని 34 పేర్లకి, అత్తయ్యగారి రెండు వేలకి అక్కడే సమాధానం ఉన్నట్టు అనిపించింది.

ఊరెళ్ళొచ్చి నలుగురికీ పంచేదాన్ని జపాన్ వాళ్ళు ఒమియాగే అంటారు. ఆ మాట రాసే అక్షరాలకి ఆ నేలన పుట్టింది అని అర్థం. ఎక్కడికి వెళితే అక్కడిదే తేవాలన్నది మాటలోనే ఉంది. సింగపూర్ పర్సు విషయంలో మా బంధువు అన్నది తప్పు కాదన్నమాట.

ఈ ఆచారం ఊరూరా పాకడానికి ఇసే యాత్ర పెద్ద కారణం. 1603 నుంచి 1868 దాకా ఎదో పాలన నడిచింది. టోక్యోకి అప్పటి పేరు ఎదో. ఆ రోజుల్లో రైతు తనకి తోచినప్పుడు ఊరు దాటడానికి లేదు, దారిలో తనిఖీలకి చీటీ కావాలి. గుడికి వెళతాను అంటే మాత్రం అనుమతి తేలిగ్గా దొరికేది. కానీ ఎదో నుంచి ఇసేకి కాలినడకన 15 రోజులు. సత్రాలు, తిండి, రేవులు దాటే పడవలు, అంత ఖర్చు ఒక కాపు కుటుంబం ఎక్కడ పెట్టగలదు? అందుకని ఊరివాళ్ళు కలిసి చీటీ కట్టేవాళ్ళు. అచ్చం మన చీటీపాటలాంటిదే, దాన్ని కో అంటారు. ఏటా ప్రతి ఇల్లూ కొంత వేస్తే, పోగైన డబ్బుతో లాటరీలో పేరు వచ్చినవాళ్ళు ఊరందరి తరఫున యాత్రకి వెళ్ళేవాళ్ళు. వెళ్ళేవాళ్ళకి దారిఖర్చని చేతిలో కొంత పెట్టి పంపడం కూడా ఉండేది, దాన్ని సెంబెత్సు అంటారు. అత్తయ్యగారి నాలుగు నోట్లు!

ఇంతమంది సొమ్ముతో వెళ్ళినవాడు ఉత్త చేతులతో ఎలా వస్తాడు? కదలలేని ముసలమ్మకి, చంటిపిల్లల తల్లికి, ఇంకా పేరు రానివాళ్ళకి, అందరికీ ఆ యాత్రలో వాటా ఉంది. ఇంటికొకటి చొప్పున గుడి రక్షరేకు తెచ్చి ఇచ్చేవాడు. మనవాళ్ళు కాశీ నుంచి గంగ చెంబు, కాశీదారాలు తెచ్చి, సమారాధన చేసి ఊరికి భోజనాలు పెట్టినట్టే. కాశీలో పండాలు ఉన్నట్టు ఇసేలో ఒన్షీలు ఉండేవాళ్ళు. ఒక్కొక్కరికి కొన్ని ఊళ్ళు. ఏటా ఆ ఊళ్ళకి వెళ్ళి రక్షరేకులు, పంచాంగం ఇచ్చి, ఆ ఊరివాళ్ళు ఇసే వస్తే తమ ఇళ్ళలోనే దింపుకుని పెద్ద భోజనం పెట్టేవాళ్ళు. 1871లో కొత్త ప్రభుత్వం ఆ పద్ధతి ఎత్తేసింది.

తేవడానికి వాళ్ళకి నాకున్న 23 కేజీలు కూడా లేవు. ఉన్నది భుజం. అందుకని బరువు లేనివే ఎంచుకునేవాళ్ళు. ఇసే పంచాంగం కాగితమే కానీ, ఎప్పుడు విత్తాలో చెప్పేది కాబట్టి రైతుకి బంగారం. మన్‌కింతాన్ అని కడుపు నొప్పికి చిన్న చిన్న మాత్రలు, దారిలో వేసుకోగా మిగిలినవి ఇంటికి. ఆడవాళ్ళకి ఇసే తెల్లపొడి, మొహానికి రాసుకునేది. అది పాదరసంతో చేసేవాళ్ళట, ఇప్పుడైతే ఎవరూ ముట్టుకోరు లెండి. తోలు మైల అని, నూనె పట్టించిన మందపాటి కాగితాన్ని తోలులా చేసి దానితో పొగాకు సంచులు కుట్టి అమ్మేవాళ్ళు. ఈ సంచీ గురించి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మడి ఎక్కడున్నా మడే. నాకు అన్నిటికంటే నచ్చింది వరి విత్తనాలు. దారిలో మంచి కంకి కనిపిస్తే గింజలు తీసుకుని ఊరికి తెచ్చి వేసేవాళ్ళు, కొత్త వంగడాలు అలా పాకాయి.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ఎదో నుంచి పడమటికి వెళ్ళే దారిలో హకొనె అనే చోట తనిఖీ ఉండేది. లోపలికి వచ్చే తుపాకుల మీద, బయటికి వెళ్ళే ఆడవాళ్ళ మీద ప్రభుత్వానికి కన్ను. సామంతుల భార్యలని ఎదోలోనే ఉంచేవాళ్ళు, భర్తలు తిరగబడకుండా. వాళ్ళు మారువేషంలో జారిపోతారేమోనని మామూలు ఇల్లాళ్ళకీ ఈ పరీక్ష. చీటీలో మనిషి పోలికలన్నీ రాసుండాలి. జుట్టు విప్పి చూడటానికి ఒక ఆడమనిషిని పెట్టేవాళ్ళు. ఇంత జరుగుతున్నా ఆడవాళ్ళు వెళ్ళడం మానలేదు. దూరమైనా తనిఖీలు తప్పించుకునే పక్కదారులు పట్టేవాళ్ళు. ఇంట్లో చెప్పకుండా ఇసేకి పారిపోయిన కోడళ్ళు, పనిపిల్లలు, కుర్రాళ్ళు కూడా ఉన్నారు. అలా వెళ్ళినవాళ్ళని తిరిగొచ్చాక తిట్టకూడదని, గుడి రక్షరేకు చూపిస్తే చాలని ఒక ఒప్పందం. అది చేతిలో లేకపోతే మరి ఎక్కడికి వెళ్ళినట్టు? ఆ రేకు ఒక్కటే సాక్ష్యం.

సుమారు 60 ఏళ్ళకోసారి ఉన్నట్టుండి జనం వరదలా ఇసే మీద పడేవాళ్ళు. 1705లో, 1771లో, 1830లో అలా జరిగింది. 1830లో కొన్ని నెలల్లోనే నలభై లక్షల మందికి పైగా వెళ్ళారంటారు. చేతిలో ఒక గరిటె పట్టుకుని బయల్దేరేవాళ్ళు, దారిపొడుగునా ఊళ్ళవాళ్ళు అందులో అన్నమో నీళ్ళో పోసేవాళ్ళు. ఆ సంవత్సరం చూడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మా బీఏలో చదువుకున్న కాశీయాత్ర చరిత్ర గుర్తుందా? ఏనుగుల వీరాస్వామయ్యగారు దాదాపు వందమందిని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి బయల్దేరింది 1830 మే నెలలోనే. అటు జపాన్‌లో లక్షల గరిటెలు, ఇటు మన పల్లకీలు, ఒకే ఎండాకాలం నడుస్తూ ఉన్నాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇసేలో అకఫుకు అని ఒక మిఠాయి ఉంది. 1707 నుంచి చేస్తున్నారు. జిగురు బియ్యపు ముద్ద మీద ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద, దాని మీద మూడు గీతలు, గుడి పక్కన పారే ఇసుజు నదికి గుర్తుగా. కింద తెల్ల ముద్ద నదిలో గులకరాయి. మన పూర్ణంలో కొబ్బరి, నెయ్యి తీసేస్తే వచ్చే రుచి. ఎండాకాలమైతే రెండు రోజులే నిలవ. నడిచి వెళ్ళే రోజుల్లో దాన్ని అక్కడే కూర్చుని తినాల్సిందే, ఇంటికి చేరేది కాదు. 1872లో మొదటి రైలు నడిచాక, 1889లో టోక్యో నుంచి కోబెకి లైను పూర్తయ్యాక తినే వస్తువులు ఒమియాగే అయ్యాయి. 1897లో రైలు ఇసే దాకా వచ్చింది. స్టేషన్లలో ప్రతి ఊరికీ ఒక మిఠాయి పుట్టింది, నిలవ ఉండేలా పాకాలు మార్చారు. ఇప్పుడు అందరూ కొనే టోక్యో బనానా అయితే 1991 నాటిది. ఒక్కొక్కటి విడిగా చుట్టి ఉంటుంది, ఆఫీసులో తలా ఒకటి ఇవ్వడానికి వీలుగా.

నేనూ ఆ పద్ధతే పట్టుకున్నాను. 34 మందికి 34 రకాలు వెతకడం మానేసి, చిక్కుడు గింజల మిఠాయి పెట్టెలు ఆరు కొన్నాను. జెలటిన్ లేదని అబ్బాయితో రెండుసార్లు చదివించుకున్నాను. అందరికీ తలా ఒకటి, ఒకే రకం. పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.

లోపలి గుడి ముందు రాతిమెట్ల దగ్గరే ఫోటోలు ఆపేయాలి. పైకెళితే తెల్లటి తెర. విగ్రహం కనిపించదు. ఆ గుడిని 20 ఏళ్ళకోసారి కొత్తగా కడతారు, ఈసారి 2033లో. అయిదు యెన్ల నాణెం వేశాను, ఆ నాణెం పేరుకీ అనుబంధం అనే మాటకీ వాళ్ళ భాషలో ఒకటే పలుకు. అత్తయ్యగారి గోత్రం, పేరు చెప్పుకుని దణ్ణం పెట్టాను. పక్కన ఎవరో జపనీస్ ఆవిడ రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి అదే పని చేస్తోంది. మిగిలిన డబ్బుతో గుడిలోనే ఒక రక్ష తీసుకున్నాను. వేలెడంత పట్టుసంచీ.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు దాన్ని కళ్ళకద్దుకుని, మా అమ్మమ్మత్తయ్యగారు ఎప్పుడో కాశీ నుంచి తెచ్చిన, ఇప్పటికీ మూత తీయని గంగ చెంబు పక్కన పెట్టారు. కాసేపాగి, "ఆవిడకి నైవేద్యం ఏం పెడతారమ్మా?" అని అడిగారు.

"ఉదయం, సాయంత్రం పెడతారండీ. అన్నం, నీళ్ళు, ఉప్పు, కూరగాయలు, పళ్ళు" అన్నాను.

చేప సంగతి చెప్పలేదు.