‘రేపట్నుంచి రావద్దు’: ఊరి మాట, వాడ కూలి

కోస్తా పల్లెల చరిత్రలో భూమి గురించి రాశారు, శిస్తు గురించి రాశారు, కూలిరేట్ల గురించీ సమ్మెల గురించీ రాశారు. మాట గురించి రాసింది తక్కువ. రచ్చబండ దగ్గర, పొగాకు బేరన్ల దగ్గర, మిరప కల్లాల్లో పుట్టి పొద్దుగూకేలోపల ఊరంతా తిరిగే మాటని పనిలేనివాళ్ళ కబుర్లుగా కొట్టిపారేయటం మన మేధావులకి అలవాటు. కానీ ఒంగోలు చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఆ కబుర్ల మీద కూడు ఆధారపడి ఉండేది. ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్ళం ఈ సంగతి పుస్తకాల్లో నేర్చుకోలేదు, ఇంట్లోనే విన్నాం. వాడలో మనిషికి పని పోవటానికి నోటీసు అక్కర్లేదు. ఒక మాట చాలు.

ముందు పని తీరు చూద్దాం. పాలేరు ఏడాదికి కుదురుతాడు. కుదిరేటప్పుడే కొంత అప్పు తీసుకుంటాడు. అప్పుంది గనక మధ్యలో మానటానికి వీల్లేదు. ఆసామి మాత్రం ఎప్పుడైనా మాన్పించొచ్చు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. కాలక్రమాన పాలేర్లు తగ్గి దినకూలీలు పెరిగారు. పత్తి తీత, మిరప కోత, పొగాకు గ్రేడింగ్, ఇవన్నీ సీజను పనులు, ఎక్కువగా ఆడవాళ్ళ పనులు. ముఠా మేస్త్రీ ఎవర్ని పిలిస్తే వాళ్ళు పోవాలి. కాగితం ఉండదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి తీసెయ్యాలంటే నెల నోటీసు, నష్టపరిహారం ఇవ్వాల్సి ఉండేది. ఏడాదిలో కొద్ది నెలలే ఉండే గ్రేడింగ్ పనిలో 240 రోజులు ఎక్కడ నిండుతాయి? పొలం కూలికి ఆ చట్టం ఊసే తెలీదు.

అమెరికాలో ఇట్లాంటి పనికి ‘ఎట్ విల్’ ఉద్యోగమని పేరు. యజమాని కారణం చెప్పకుండా తీసెయ్యొచ్చు, పనివాడు కారణం చెప్పకుండా మానెయ్యొచ్చు. 19వ శతాబ్దం చివర్లో అక్కడ స్థిరపడిన సూత్రమిది. అక్కడ కూడా 1964 పౌరహక్కుల చట్టం జాతినీ రంగునీ చూసి తీసెయ్యకూడదని హద్దు గీసింది. మన పల్లెలో ఈ సూత్రంలో సగమే అమలైంది. తీసేసే హక్కు ఆసామికి ఉంది, మానేసే హక్కు అప్పున్న పాలేరుకి లేదు. ఇంకో తేడా అంతకంటే పెద్దది. పట్నంలో ఒకడు తీసేస్తే ఇంకొకడి దగ్గరికి పోవచ్చు. ఊళ్ళో పని ఇచ్చేవాళ్ళంతా ఒకే కులం, ఒకరికొకరు చుట్టాలు. ఒక ఆసామి వద్దంటే అది ఒక పని పోవటం. ఆ వద్దనటం మాటగా మారి రచ్చబండ చేరితే అన్ని గడపలూ ఒకేసారి మూసుకుపోతాయి. ఊరి మాట చేసే పని ఇదే. ఒక యజమాని కోపాన్ని అది యజమానులందరి నిర్ణయంగా మారుస్తుంది.

ఆ మాటలు ఎట్లాంటివి? ‘వాడికి పొగరెక్కింది.’ ‘కాలేజీకి పోయిన కాడ్నించి తలబిరుసు.’ ‘దాని నోరు మంచిది కాదు.’ ఆడకూలీల విషయంలో నోటితో ఆగదు, నడవడిక మీదికి పోతుంది. ఇవేవీ మొహాన చెప్పరు. చెప్పని ఆరోపణకి జవాబెట్లా చెప్పుకుంటారు?

వాడకీ ఒక మాట ఉంది. ఏ ఊళ్ళో కూలి ఎంత పలుకుతోంది, ఎవరు కొలతలో మోసం చేస్తారు, ఏ మేస్త్రీ చెయ్యి మంచిది కాదు, ఏ చేలోకి ఆడపిల్లని ఒంటరిగా పంపకూడదు. సంఘం లేనిచోట ఆడకూలీలకి ఈ గుసగుసలే సంఘం. అందుకే నలుగురు కూలీలు దగ్గరగా కూచుంటే ఆసామికి కిట్టదు. ఊరి మాట పని తీసేస్తుంది, వాడ మాట పనివాళ్ళని కాచుకుంటుంది. రెంటినీ ‘పుకార్లు’ అని ఒకే గాట కట్టటం మేం ఒప్పుకోం.

1985 జూలై 16న కారంచేడులో మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల్ని కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే ఒక మాదిగ కుర్రాడు వద్దన్నాడు. వాణ్ణి కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డం వచ్చింది. నలుగురైదుగురి మధ్య జరిగింది తెల్లారేసరికి రెండు కులాల వ్యవహారమైంది. రాత్రికి రాత్రి ఊళ్ళో మాట తిరక్కుండా ఇది సాధ్యమా? 17న ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరారు, అక్కడి పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. వాళ్ళు ఊరికి తిరిగి పోలేదు. పోతే మళ్ళీ ఆ ఆసాముల చేలల్లోనే కూలికి పోవాలి గదా!

చుండూరులో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1991 జూలై 4న సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని రెడ్డి యువకుడికి తగిలి గొడవైంది. ఆ తర్వాత రెండు పనులు జమిలిగా నడిచాయి. దళిత కుర్రాళ్ళు ఆడవాళ్ళని అల్లరిపెడుతున్నారన్న ప్రచారం ఒకటి, దళితుల్ని పొలం పనులకి పిలవకుండా వెలి పెట్టటం రెండోది. వీటిని విడివిడిగా చూడకూడదు. ప్రచారం ఆరోపణ, వెలి శిక్ష, మధ్యలో విచారణ లేదు. ఒకడి మీద చెప్పిన మాటకి పల్లె పల్లెకే పని పోయింది. కానీ చుండూరు రైలు స్టేషనున్న ఊరు, తెనాలికి దగ్గర. వాడలో చదువుకున్నవాళ్ళున్నారు, బయట పని వెతుక్కోగల వాళ్ళున్నారు. కూలి ఆపితే కాళ్ళ మీద పడతారనుకుంటే పడలేదు. కూలి ఆపి లొంగదీయలేనిచోట కత్తులు దిగాయి. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులంది.

వెలి సంగతి అంబేద్కర్ ముందే చూశాడు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో సాంఘిక బహిష్కరణని నేరంగా రాజ్యాంగంలోనే రాయమన్నాడు. బర్మాలో 1922లో వచ్చిన బహిష్కరణ నిరోధక చట్టాన్ని నమూనాగా తీసుకున్నాడు. అంటరానితనం మీద 1955లో వచ్చిన చట్టంలో బహిష్కరణ ఊసుంది గానీ కూలి మూసేసిన ఆసామిని అది ఆపలేకపోయింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణల్ని పేరుపెట్టి నేరాలన్నది. కులం చూసి కూలికి పెట్టుకోకపోవటం ఆర్థిక బహిష్కరణే అని అందులో ఉంది. చుండూరు జరిగిన 24 ఏళ్ళకి! ఈలోపు 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చి, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. దాంట్లో వచ్చే కూలి తక్కువే కావచ్చు. కానీ ఆసామి నోటితో సంబంధం లేకుండా పని అడగొచ్చని జాబ్ కార్డు చెప్పింది. దాని విలువ ఊరి మాటకి పని పోగొట్టుకున్న వాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు మన పిల్లలు పొలాల్లోంచి బయటకొచ్చారు. ఆస్పత్రుల్లో, ప్రైవేటు కాలేజీల్లో, ఆఫీసుల్లో కాంట్రాక్టు మీద చేరుతున్నారు. ఆసామి పోయి ఏజెన్సీ వచ్చింది. ‘వీడు రిజర్వేషను గాడు’, ‘వీడు కేసులు పెట్టే రకం’ అన్న మాట ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి ఫోన్లో పోతోంది. పని ఇచ్చేవాడి దయ మీద ఉన్నన్నాళ్ళూ ఆత్మగౌరవానికి కూలి కట్టాల్సి వస్తూనే ఉంటుంది.

కార్యకర్తలకీ విద్యార్థులకీ ఒక్క మాట. దాడి జరిగాక నిజనిర్ధారణకి పోయినప్పుడు మనం దెబ్బలు లెక్కపెడతాం, శవాలు లెక్కపెడతాం. చుండూరులో మొదటి వార్త ఆగస్టు 6 కాదు, అంతకు నెల ముందు ఆగిపోయిన కూలి. ఎక్కడైనా వాడకి పని ఆగిందని వింటే దాడి కోసం ఎదురుచూడొద్దు. ఏ తేదీన ఆగింది, ఎవరు ఆపారు, ఏ మాట చెప్పి ఆపారు, ముందు అవి రాసి, ఆ కాగితం పట్టుకుని 2015 సవరణ కింద ఫిర్యాదు ఇవ్వండి.